వెనక చక్రాల మీద నీళ్లు

మీరు ఎక్కిన బండి ఎలా ఆగుతుందో ఎప్పుడైనా అడిగారా?

ఎప్పుడు బయలుదేరుతుందని అడుగుతాం. ఎంత తీసుకుంటారని అడుగుతాం. సామాను పైన కట్టాలా, మధ్యలో టీకి ఆపుతారా అని అడుగుతాం. లంబసింగి ఘాట్ మీదుగా నర్సీపట్నం దిగే షేరు బండిలో ఒదిగి కూర్చున్నాక పక్కవాళ్ల మోచేతుల గురించి తగువు కూడా పడతాం. ఇంతమందిమి కలిసి ఒక బరువై కొండ మీద నుంచి జారుతున్నామే, ఆ బరువును మలుపు దగ్గర ఏది పట్టి నిలబెడుతుందన్న ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాదు. చాలాకాలం నాకూ రాలేదు. ఆ బండ్లలో ఒకటి నడిపేది మా నాన్నే కావడం వల్ల అడగవలసిన అవసరం ఉందని తోచలేదు.

నాన్న నర్సీపట్నం, చింతపల్లి మధ్య అద్దె బండి నడుపుతాడు. పాత జీపు అమ్మేసి, విశాఖపట్నంలో ఎవరో ముచ్చటపడి కొనుక్కుని, విసుగొచ్చి అమ్ముకున్న పెద్ద బండి ఒకటి తెచ్చుకున్నాడు. టాప్ మోడల్. హ్యాండ్‌బ్రేకు వేయడానికి లాగే కడ్డీ ఉండదు, చిన్న బటన్ ఉంటుంది. నాలుగు చక్రాలకూ డిస్కులే. స్టాండులో మిగిలిన బండ్లన్నింటికీ వెనక డ్రమ్ములు, వాటి లోపల బ్రేక్ షూలు. అందువల్ల కొన్నాళ్లపాటు నాన్న ఆ బటన్ నొక్కి చూపించడం, తోటి డ్రైవర్లు వంగి వెనక చక్రం సందుల్లోంచి మెరిసే ఇనప పళ్లేన్ని చూసి తలలాడించడం ఒక వేడుకలా సాగింది. ఆ పళ్లేన్ని రెండు వైపుల నుంచీ నొక్కి పట్టే బ్రేక్ ప్యాడ్‌లు ఎంత మిగిలి ఉన్నాయో వంగినవాళ్లలో ఎవరూ చూడలేదు. ముందు చక్రాలవి కొనేటప్పుడే కొత్తవి వేయించారు. వెనకవి కనబడవు కనుక ఉన్నాయనుకున్నారు.

ఆ బండికి మంగళవారం, శుక్రవారం ఒక తప్పనిసరి ప్రయాణం ఉండేది. చింతపల్లి దాటి లోపలి ఊళ్లో కాఫీ, మిరియాలు పండించుకునే ఒకాయనకు మూత్రపిండాలు పాడైపోయాయి. ఆ రెండు రోజులూ పొద్దున్నే ఆయనను, ఆయన భార్యను కొండ దింపి నర్సీపట్నం ఆసుపత్రిలో డయాలసిస్‌కు చేర్చాలి. సాయంత్రం మళ్లీ పైకి చేర్చాలి. ఒక్క రోజు తప్పితే ఒంట్లో నీరు నిలిచిపోయి ఊపిరి ఆడదు. ఆయన మా నాన్నను బావా అంటాడు, నాన్న కూడా ఆయనను బావా అంటాడు. ఏ చుట్టరికమూ లేదు. ఒకే బండిలో అన్నాళ్లు ఎక్కి దిగాక వరసలు వాటంతట అవే కలిశాయి. అలా నాకు ఆయన మావయ్య, ఆమె అత్త అయ్యారు.

డిగ్రీ ముగించుకుని, లా ప్రవేశపరీక్షకు చదువుకుంటూ నేను ఇంటి దగ్గర ఉన్న చలికాలం అది. ఒక శుక్రవారం, పైకి వెళ్లేటప్పుడు బండి ఖాళీయే కదా, మంచు చూడవచ్చునని నాన్నతో వెళ్లాను. తిరుగుప్రయాణంలో నేను ముందు సీట్లో, మావయ్య, అత్త వెనక. ఘాట్ మొదలయ్యే చోట నాన్న చెయ్యి చాలా సహజంగా, చెమట తుడుచుకున్నంత సహజంగా, గేరును న్యూట్రల్‌లోకి తోసింది. ఇంజను చప్పుడు తగ్గిపోయింది. బండి తన బరువు మీద తనే దిగసాగింది.

"నాన్నా, న్యూట్రల్ చేశావేంటి?"

"దిగుడే కదమ్మా. దిగుడుకి ఇంజనుతో పనేటి? డీజిలు దండగ."

కాలేజీలో నేను డిబేట్ జట్టులో ఉండేదాన్ని. ఎదుటివారి మాటను ముందు పూర్తిగా ఒప్పుకుని, ఆ తరువాత దాని పునాదిని కదపాలని అక్కడ నేర్పారు. డీజిలు ఆదా కావాలన్న కోరిక న్యాయమైనదేనన్నాను. అయితే ఇప్పటి ఇంజన్లలో గేరు వేసి ఉంచి, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేస్తే, దిగుడులో డీజిలు దాదాపుగా వెళ్లదని, న్యూట్రల్‌లోనే ఇంజను ఆగిపోకుండా ఉండటానికి కొంత కాలుతూనే ఉంటుందని చెప్పాను. కనుక ఆదా కోసం చేస్తున్న పని ఆదాకే విరుద్ధమన్నాను. గేరు పట్టుకోవలసిన బరువంతా బ్రేకు ఒక్కటే మోస్తోందని కూడా అన్నాను.

నాన్న శ్రద్ధగా విన్నాడు. ఆయన ఎప్పుడూ శ్రద్ధగానే వింటాడు.

"అవునా? అయితే నువ్వు సెప్పింది నిజమేనమ్మా," అన్నాడు. గేరు మాత్రం కదల్లేదు.

వెనక నుంచి మావయ్య నవ్వాడు. "మీ గుంట బాగా మాటాడతాది బావా."

"మాటాడతాది. ఇంట్లో బీరువా మీద కప్పులన్నీ అది గెల్సినవే."

"మరి గేరెయ్యి."

"ఏస్తాన్లే. ఈ మలుపు దాటనీ."

ఆ మలుపు దాటింది. దాని తరువాతది కూడా దాటింది. బ్రేకు మీద కాలు పడినప్పుడల్లా వెనక నుంచి, రేకు మీద గునపంతో గీస్తున్నట్టు, ఒక చప్పుడు రావడం మొదలైంది. నాన్న పాట సౌండు కాస్త పెంచాడు.

ఘాట్ దిగాక రోడ్డు పక్కన ఒక కుళాయి ఉంది. కొండ దిగిన ప్రతి బండీ అక్కడ ఆగుతుంది. డ్రైవరు బకెట్టు నింపి, పొగలు కక్కుతున్న చక్రాల మీద వరసగా నీళ్లు గుమ్మరిస్తాడు. బుస్సుమని ఆవిరి లేస్తుంది, కాలిన వాసన వస్తుంది, అందరూ ముక్కులు మూసుకుంటారు, బండి మళ్లీ కదులుతుంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్న దృశ్యమే. కాగిన ఇనుము మీద చన్నీళ్లు పోస్తే డిస్కు వంకరపోతుందని, ఒక్కోసారి పగులుతుందని ఆ రోజు నేను చెప్పాను. నాన్న ఖాళీ బకెట్టు పట్టుకుని నిజంగానే ఆశ్చర్యంగా చూశాడు.

"పొలం నుంచొచ్చిన ఎడ్లకి కాళ్ల మీద నీళ్లు పొయ్యమేటమ్మా? మా అయ్య బండి దిగి ముందు వాటికి పోసి, తరవాతే తను కడుక్కునీవోడు. కొండంతా మోసుకొచ్చింది పాపం."

ఎడ్లకూ ఇనుముకూ తేడా ఏమిటో నాకు తెలుసు. ఆ తేడాను ఆయన ముఖం చూస్తూ చెప్పడం మాత్రం నాకు చేతకాలేదు.

మావయ్య తలుపు తెరిచి, ఉబ్బిన పాదాలు బయటకు వేలాడదీసుకుని, రెండో బకెట్టు నిండుతుంటే చూస్తున్నాడు. ఆయనకు రోజు మొత్తానికి తాగవలసిన నీళ్లు డాక్టరు కొలిచి చెప్పారు. ఆ సీసా అత్త దగ్గర ఉంటుంది.

"నాకు మూతతో కొలిసి పోత్తాది మీ సెల్లి," అన్నాడు నాన్నతో. "నీ బండికి బకెట్లు బకెట్లేటి బావా? దాన్నీ ఓపాలి మిసను కాడికి తీసుకెల్లు."

అందరం నవ్వాం. ఆ బండికి కూడా నిజంగానే ఒక మిషను కావలసి వస్తుందని అప్పటికి మాకు తెలియదు.

ఇంటికి వచ్చాక నేను ఆ గీకుడు చప్పుడును వదల్లేదు. భోజనం దగ్గర, టీ దగ్గర, ఆయన వార్తలు చూసేటప్పుడు అదే మాట ఎత్తాను. చివరికి నాన్న, వినలేక కాబోలు, పెదబొడ్డేపల్లి వెళ్లే దారిలో ఉన్న మెకానిక్ షెడ్డుకు బండిని తీసుకువెళ్లాడు. ఆ మెకానిక్ నాన్నకు చిన్నప్పటి స్నేహితుడు, వయసులో కొంచెం చిన్న. చక్రం ఊడదీసి, టార్చి వేసి, నాలుక చప్పరించాడు. ప్యాడ్ మీద ఉండవలసిన మందం పూర్తిగా అరిగిపోయి, వెనకున్న ఇనప రేకే డిస్కును రాస్తోంది. అంచు మీద వేలు పెట్టి చూడమన్నాడు. వేలికి గాడి తగిలింది.

"డ్రమ్ము బండైతే ఈపాటికి షూలేసి పంపించీవోణ్ని. దీనికి ప్యాడ్‌లు ఇక్కడ దొరకవన్నా. వైజాగ్ నుంచి రప్పించాలి."

ఫోటో తీసి పంపితే, సోమవారం బస్సు పార్సిల్‌లో ప్యాడ్‌లు వచ్చాయి. సరైనవే వచ్చాయి. ఆ రోజు సాయంత్రం పాత ప్యాడ్‌లు తీసి కొత్తవి పెట్టబోతే పట్టలేదు. ప్యాడ్‌లను నెట్టే పిస్టన్ అరిగినవాటికి సరిపడేంత ముందుకు వచ్చేసింది, దాన్ని వెనక్కు నెట్టితే తప్ప మందంగా ఉన్న కొత్తవాటికి చోటు లేదు. మెకానిక్ క్లాంప్ బిగించి నొక్కాడు. కదల్లేదు. ఇంకా బిగించబోయి, ఆగి, తుండుతో మెడ తుడుచుకున్నాడు.

"ఇది నొక్కితే పోయీది కాదన్నా. ఈ బటన్ హ్యాండ్‌బ్రేకు మోటారు దీన్ని పట్టుకుని ఉంది. మోటారు ఎనక్కి తిరగాలంటే కంప్యూటర్ ఎట్టి బండికి సెప్పాలి."

"బండికి సెప్పడమేట్రా?"

"నీ కూతురు నీకు సెప్పినట్టే. అయితే ఇది ఇంటాది."

నాన్న కూడా నవ్వాడు. మోటారు విప్పి చేత్తో తిప్పవచ్చని కొందరంటారని, తాను ఎప్పుడూ చేయలేదని, తేడా వస్తే దారిలో చక్రం పట్టేస్తుందని మెకానిక్ దాపరికం లేకుండా చెప్పాడు. అనకాపల్లిలో ఆ కంప్యూటర్ యంత్రం ఉన్న మనిషి ఒకడున్నాడు. ఊరూరా తిరిగి పని చేస్తాడు. ఫోన్ చేస్తే, పొద్దు పొడిచేసరికి వస్తానన్నాడు.

పొద్దు పొడిచింది. మంగళవారం. షెడ్డు ముందు బండి, వెనక చక్రాలు రెండూ లేకుండా, జాకీ స్టాండుల మీద గాలిలో ఉంది. నాన్న రోడ్డు వైపు చూస్తున్నాడు. నేను నాన్న వైపు చూస్తున్నాను. ఫోన్ మోగింది. యంత్రం మనిషి పాయకరావుపేటలో వేరే బండి దగ్గర చిక్కుకుపోయాడట, సాయంత్రానికి గానీ రాలేడట.

నాన్న లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "పాతవే మళ్లీ పెట్టీరా. బావని దింపీసి వచ్చీగానే మళ్లీ ఇప్పుకుందాం."

మెకానిక్ ఒక నట్టు చేతిలోకి తీసుకున్నాడు. నేను అడ్డుపడ్డాను.

"నాన్నా, పెట్టడానికి అక్కడ ప్యాడ్ ఏముంది? రేకు ఉంది."

"ముందువి కొత్తవే కదమ్మా. ఆపేవి అవ్వే. మెల్లగా దింపుతాను."

"న్యూట్రల్‌లోనా?"

నేను మెకానిక్ వైపు తిరిగాను. "అన్నా, మీరు చెప్పండి. మీ ఇంట్లోవాళ్లను ఈ బండిలో ఘాట్ దింపుతారా?"

అతను చేతిలో ఉన్న నట్టును చూసుకున్నాడు. "నన్నడక్కమ్మా."

"అది జవాబే," అన్నాను నాన్నతో. ఒక రోగిని కాపాడటానికి వెళ్లే బండి ఆ రోగికే ప్రమాదం కాకూడదని, ప్రమాదం తప్పక జరుగుతుందని నేను అనడం లేదని, జరగదన్న హామీ ఇవ్వలేనప్పుడు ఇతరుల ప్రాణం మీద పందెం కాసే హక్కు మనకు లేదని చెప్పాను. ప్రతి వాక్యం సరిగా వచ్చింది. ఈ రోజుకూ ఆ వాక్యాలలో ఒక్కటి కూడా మార్చుకోవాలని నాకు లేదు.

నాన్న చక్రాలు లేని ఆ ఖాళీ చోటును చూశాడు. తరువాత ఫోన్ తీశాడు.

"బావా, బండి ఇప్పీసి ఉంది. ఇయ్యాల ఎక్కలేను. నువ్వు ఏదో జీపు సూసుకుని బేగి దిగిపో."

అవతల నుంచి మావయ్య గొంతు, దమ్ము అందక ముక్కలుగా వచ్చింది. "అలగేలే బావా. ఏదో ఒకటి దొరక్కపోదు."

కాలేజీలోనైతే ఇక్కడ గంట మోగేది. చప్పట్లు కొట్టి, ఎదుటి జట్టుతో చేతులు కలిపి భోజనానికి వెళ్లేవాళ్లం. ఇక్కడ నేను గెలిచిన వాదన వల్ల, ఉబ్బిన పాదాలతో ఒక మనిషి, చింతపల్లి రోడ్డు మీదకు వచ్చి, వచ్చే పోయే జీపులకు చెయ్యి ఎత్తుతూ నిలబడ్డాడు. ఏ జీపుకు ఎత్తుతాడో నాకు తెలియదు. ఆ జీపు వెనక చక్రాలలో ఏముందో అసలే తెలియదు. మా బండి సంగతి కనీసం తెలుసు. తెలిసిన ప్రమాదం నుంచి ఆయనను తప్పించి, తెలియని దాని చేతికి అప్పగించాను. ఇంతకంటే సరైన దారి ఉందా అని ఆ రోజూ వెతికాను, ఇప్పుడూ వెతుకుతున్నాను. దొరకలేదు.

మెకానిక్ మోటార్‌సైకిల్ తీసుకుని నేను, నాన్న ఘాట్ కింద కుళాయి దగ్గరకు వెళ్లాం. ఘాట్‌లో ఫోన్లు అందవు. అందువల్ల నిలబడటం తప్ప చేయగలిగింది లేదు. ఒక్కో బండీ దిగుతోంది. ఆగుతోంది. బకెట్టు, బుస్సుమనే ఆవిరి, కాలిన వాసన. ప్రతి బండిలోకీ తొంగి చూశాం. నాన్న ఎరిగిన డ్రైవర్లందరూ ఒకే మాట అడిగారు, "బండేదిరా?" అని. ఆయన ప్రతిసారీ, "ఇప్పీసాం," అన్నాడు. ఎందుకు విప్పామో, ఎవరు విప్పించారో ఒక్కరికీ చెప్పలేదు.

చివరికి ఒక పాత జీపు వచ్చింది. వెనక మెట్టు మీద కూడా మనుషులున్నారు. మధ్యలో, అరటి గెలకు ఆనుకుని, కళ్లు మూసుకుని మావయ్య ఉన్నాడు. అత్త ఒడిలో ఆ సీసా ఉంది. నాన్న ఆయనను దాదాపు ఎత్తి కిందకు దించాడు. డ్రైవరు, నాకంటే నాలుగైదేళ్లు పెద్దవాడేమో, బకెట్టు పట్టుకుని చక్రాల వైపు వెళ్లాడు. నాలుగు చక్రాల నుంచీ పొగ వస్తోంది.

"అన్నా, గేర్లో దింపారా, న్యూట్రల్‌లోనా?" అని అడిగాను.

అతను నన్ను, నా కళ్లజోడును చూశాడు. "ఎవులమ్మా నువ్వు? బ్రేకిన్స్‌పెట్రువేటి?"

జీపంతా నవ్వింది. ఒకామె లోపల నుంచి అరిచింది. "సంత టైమైపోతంది బాబూ, బేగి పోనీ. ఆ గుంటతోటి కబుర్లేటి?"

"ఇంతమంది ఉన్నారు కదండీ, మీ కోసమే అడుగుతున్నాను," అన్నాను ఆమెతో.

"మాకేటైందమ్మా? బాగానే దిగినాం కదా."

మావయ్య నాన్న భుజం మీద నుంచి తల ఎత్తి, "ఊరుకో తల్లీ. దింపీసినాడు కదా," అన్నాడు. నీళ్లు పడ్డ చక్రాలతో జీపు వెళ్లిపోయింది. దాని వెనకే ఇంకొకటి వచ్చి ఆగింది.

ఒక ఆటో పట్టుకుని ఆసుపత్రికి చేరేసరికి ఆయన వంతు దాటిపోయింది. అక్కడివాళ్లు కసరలేదు. ఉన్న మంచం మరొకరికి ఇచ్చారు, అది ఖాళీ అయ్యాక పిలుస్తామన్నారు. వరండాలో బల్ల మీద ఆయన కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరి ఆడదు కనుక కూర్చునే ఉన్నాడు. పక్కన నేను కూర్చున్నాను. వాదించడానికి అక్కడ ఎదుటిపక్షం లేదు. మంచం మీద ఉన్న మనిషికీ అదే అవసరం. ఆయన దాహమన్నప్పుడు అత్త సీసా మూతలో కాసిని నీళ్లు పోసి ఇచ్చింది. ఆయన వాటిని మింగకుండా చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు.

తరువాత ఆయనంతట ఆయనే చెప్పాడు. "ఆఖరు మలుపు కాడ జీపు ఓపాలి జారినాది. బ్రేకు తొక్కినా ఆగలేదు, కొంచెం దూరం ఎల్లి అప్పుడాగింది. ఎవులూ మాటాడలేదు. నువ్వు ఆవేళ బావతోటి అన్నాయన్నీ నాకు గుర్తొచ్చీనాయి. అడుగుదామనుకున్నాను. నోరు రాలేదమ్మా."

"ఎందుకు మావయ్యా? మీరు భయపడే మనిషి కాదు కదా."

"భయం కాదు. నిండిపోయిన జీపది. లోపలోళ్లు సోటు లేదన్నా, సర్దుకోండ్రా అని డ్రైవరు నన్ను ఎక్కించీసినాడు. ఎక్కించుకున్నోణ్ని ఎలగడుగుతాం, నీ బండి ఆగుతాదా అని?"

అంతవరకూ ఆ మౌనాన్ని నేను అజ్ఞానమనుకున్నాను. దానికి తగిన సమాచారం నా దగ్గర ఉంది. నిర్లక్ష్యమనుకున్నా, దానికి తగిన మాటలూ ఉన్నాయి. కృతజ్ఞత అని తెలిసినప్పుడు మాత్రం నా దగ్గర ఏమీ లేకపోయింది. కొండ మీద ఉన్నవాళ్లకు బండి ఆగి ఎక్కించుకోవడమే ఒక ఉపకారం. ఉపకారం చేసిన చేతిని తనిఖీ చేయడం మర్యాద కాదు. మా ప్రాంతంలో మనుషులు ఇంత మర్యాదస్తులు కావడం వల్లనే వాళ్ల ప్రాణాలు ఇంత తేలిగ్గా కొండ దిగుతున్నాయి.

మధ్యాహ్నం దాటాక ఆయనను లోపలికి పిలిచారు. ఆ రాత్రి మా ఇంట్లోనే ఉంచి, మర్నాడు పైకి పంపాం.

యంత్రం మనిషి అదే మంగళవారం సాయంత్రం షెడ్డుకు వచ్చాడు. స్టీరింగ్ కింద ఒక తీగ తగిలించి, చేతిలోని పలకలాంటి యంత్రం మీద ఏదో నొక్కాడు. వెనక చక్రాల దగ్గర సన్నగా ఒక మూలుగు వినబడింది. క్లాంప్‌కు లొంగని పిస్టన్ ఇప్పుడు మెత్తగా లోపలికి జరిగింది. కొత్త ప్యాడ్‌లు వాటి చోట్లలో కూర్చున్నాయి. పొద్దున్నంతా మేము ఎదురుచూసిన పని, టీ చల్లారేలోపు అయిపోయింది. డిస్కు మీద గాడి ఉందని, ప్రస్తుతానికి నడుస్తుందని, ఇకమీదట కాగిన చక్రాల మీద నీళ్లు పోయవద్దని మెకానిక్ చెప్పాడు.

"అలగే," అన్నాడు నాన్న. నాతో అన్నట్టే అన్నాడు.

శుక్రవారం నేను మళ్లీ బండి ఎక్కాను. మావయ్య ముఖం తేటగా ఉంది. ఘాట్ మొదలైన చోట నాన్న చెయ్యి గేరు మీదకు వెళ్లింది. నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి వినబడింది.

"బావా, గేర్లో ఉందేటి?"

చెయ్యి ఆగింది. నాన్న అద్దంలోకి చూశాడు. "మీరిద్దరూ ఒకటైపోనారేటి?"

"నాకెందుకు బావా? ఊరికే అడిగినాను. ఎక్కించుకున్నావు కదాని అడక్కూడదేటి?"

నాన్న నవ్వి, రెండో గేరు వేశాడు. ఇంజను గొణిగింది. బండి, ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగుతున్నట్టు, నెమ్మదిగా, మలుపు తరువాత మలుపు దిగింది. బ్రేకు మీద ఆయన కాలు పడవలసిన అవసరం చాలా తక్కువగా వచ్చింది. కుళాయి దగ్గర అలవాటుగా ఆపి, బకెట్టు నింపి, చక్రాల దగ్గరకు వెళ్లి అరచెయ్యి దగ్గరగా పెట్టి చూశాడు. పొగ లేదు, వేడి పెద్దగా లేదు. నిండు బకెట్టుతో కాసేపు ఏం చేయాలో తెలియనట్టు నిలబడ్డాడు. తరువాత చెప్పులు విడిచి, ఆ నీళ్లు తన పాదాల మీదే పోసుకున్నాడు.

నేను దీన్ని ఇక్కడితో ముగించగలిగితే బాగుండేది.

తరువాతి మంగళవారం నేను వెళ్లలేదు, చదువుకోవలసి ఉంది. మధ్యాహ్నం అత్తకు భోజనం పట్టుకుని ఆసుపత్రికి వెళితే, ఆవరణలో మా బండి నిలిపి ఉంది. వెనక చక్రాలు తడిసి, కొత్తగా తుప్పు రంగు చారలు కట్టి ఉన్నాయి. వంగితే ఆ వాసన తెలిసింది.

"అత్తా, ఇవాళ మావయ్య అడగలేదా?"

"నిద్దరోనాడమ్మా. రాతిరంతా కూకునే ఉన్నాడు. నాకు అడగడానికి సిగ్గేసింది."

బయట బండి దగ్గర నాన్నను అడిగితే, ఆయన అబద్ధం ఆడలేదు. చిరాకు పడనూ లేదు. నా చేతిలోని ఖాళీ క్యారేజీ అందుకుంటూ, నిజంగా తనకు తోచిందే చెప్పాడు.

"ఎవులైనా అడిగితే ఏస్తాను కదమ్మా. ఎవులూ అడగలేదు."

అంతకన్నా నిజాయితీగల సాక్ష్యం నేను ఏ వేదిక మీదా వినలేదు. నా వాదన ఆయన బుద్ధికి చేరింది, ఆయన ఒప్పుకున్నాడు. చేతికి మాత్రం చేరలేదు. ఆ చెయ్యి వెనక సీటు నుంచి వచ్చే ఒక మామూలు ప్రశ్నకు తప్ప దేనికీ ఆగదు. ఆ సీట్లో నేను ప్రతిరోజూ కూర్చోలేను. కొత్త ప్యాడ్‌లు కూడా అరుగుతాయి, మళ్లీ ఏదో ఒక పొద్దున బండి గాలిలో ఉండిపోతుంది, మళ్లీ ఆయన ఏదో ఒక జీపు వెతుక్కుంటాడు.

ఆ జీపులో ఆయన పక్కన మీరు ఉండవచ్చు. అందువల్ల మిమ్మల్ని ఒక్క పని చేయమని అడుగుతున్నాను. ఈసారి కొండ దిగే బండి ఎక్కినప్పుడు, తలుపు వేసే ముందు, ఎంత మర్యాదగానైనా సరే, నోరు తెరిచి అడగండి: "గేర్లోనే దింపుతారు కదండీ?" డ్రైవరు నవ్వితే మళ్లీ అడగండి. జీపంతా నవ్వినా అడగండి. మీ పక్కన ఎవరైనా నిద్రపోతూ ఉంటే, వాళ్లను లేపకుండా, వాళ్ల తరఫున కూడా అడగండి.